మూడు కెమెరాలు, ఒక వీధి: కదిలే వస్తువుల జాడ పట్టే విధానం

బెంగళూరులో మారతహళ్లి వైపు మేముండే వీధిలో రాత్రి తొమ్మిది దాటితే ఒక దీపం వెలుగుతుంది, రెండు వెలగవు. కానుగ చెట్ల కొమ్మలు రోడ్డు మీదికి వాలి ఉంటాయి. ఆ నీడల్లోంచే డెలివరీ బైకులు, కుక్కలు, ఆఫీసు నుంచి నడిచి వచ్చేవారు, అప్పుడప్పుడు ఒక సన్నని తుంపర. పాదచారులు రోడ్డును ఎక్కువగా ఎక్కడ దాటుతున్నారో తెలిస్తే అక్కడ దీపం పెట్టించమని అడగవచ్చని మా అపార్ట్‌మెంట్ సంఘం భావించింది. ఆ పని నా మీద పడింది. మూడో అంతస్తు పైని డాబా నుంచి మొదట ఒకే సాధారణ కెమెరాతో ప్రయత్నించాను. హెడ్‌లైట్ ఎదురైనప్పుడల్లా చిత్రం సగం తెల్లబారేది. వెలుగు దాటి చీకట్లోకి వెళ్లిన మనిషి అవతలి దీపం కిందికి చేరేసరికి కొత్త సంఖ్యతో మరో మనిషిగా నమోదయ్యేవాడు. ఒక్కరిని ముగ్గురుగా లెక్కపెట్టే యంత్రాన్ని నమ్ముకుని దీపం అడగలేం కదా.

అందుకే సాధారణ కెమెరాకు, వేడిని చూసే ఒక థర్మల్ కెమెరాను, వెలుగులో మార్పులను మాత్రమే చూసే ఒక ఈవెంట్ కెమెరాను జత చేశాను. ఈవెంట్ కెమెరా ఇంకా ఖరీదైన వస్తువే కనుక దాన్ని స్నేహితుల ప్రయోగశాల నుంచి కొన్ని వారాలకు అడిగి తెచ్చుకున్నాను. అది అందుబాటులో లేనివారు మిగిలిన రెండింటితోనే మొదలుపెట్టవచ్చు, కింద చెప్పే పద్ధతి అప్పుడూ మారదు.

కెమెరాల ఎంపిక

ఏ కెమెరా ఏమి చూడగలదో అమ్మేవారు చెబుతారు. అది ఎప్పుడు చూడలేదో, చూడనప్పుడు దాని మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలో మాత్రం మనమే రాసి పెట్టుకోవాలి. చివర్లో మూడు కెమెరాల కొలతలను ఒకటిగా కలిపే లెక్కకు, అంటే ఫిల్టర్‌కు, ఇవ్వవలసిన సమాచారంలో ముఖ్యమైనది ఇదే.

సాధారణ కెమెరాకు రంగు, ఆకారం, వివరం అన్నీ తెలుసు. చీకటి పడితే మూగబోతుంది. కొనేటప్పుడు, చిత్రమంతటినీ ఒకే క్షణంలో పట్టే గ్లోబల్ షట్టర్ ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. చౌక కెమెరాలలో ఉండే రోలింగ్ షట్టర్ చిత్రాన్ని పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తరువాత ఒకటిగా చదువుతుంది. ఆ చదువుకు 20 మిల్లీసెకన్లు పడితే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు వెళ్లే బైకు ఆలోపు 20 సెంటీమీటర్లు జరిగిపోతుంది, చిత్రంలో వాలిపోయి కనబడుతుంది. చిన్న కంప్యూటర్ బోర్డులు చేసే రాస్ప్‌బెర్రీ పై వారు 2023లో విడుదల చేసిన గ్లోబల్ షట్టర్ కెమెరా, 1456×1088 పిక్సెళ్లది, ఇలాంటి పనికి సరిపోతుంది. ఎప్పుడు చిత్రం తీయాలో చెప్పే బయటి ట్రిగ్గర్ సంకేతంతో కూడా దాన్ని నడపవచ్చు. తీగలు, స్టాండ్లు, చిన్న బోర్డుల వంటి సరంజామా అంతా బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డులో ఒక్క పూటలో దొరుకుతుంది.

థర్మల్ కెమెరా 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంలో వస్తువులు వెదజల్లే వేడిని చూస్తుంది కనుక దానికి దీపంతో పని లేదు. దాని బలహీనతలు వేరు. కిటికీ అద్దం ఈ తరంగాలను దాటనివ్వదు. గదిలో కూర్చుని అద్దం వెనుక నుంచి చూస్తే వీధికి బదులు అద్దం వేడి, అందులో మన ప్రతిబింబం కనిపిస్తాయి. మనిషి, రోడ్డు ఒకే వేడికి వచ్చే వేళల్లో మనిషి చిత్రంలో కరిగిపోతాడు. బెంగళూరు రాత్రులు చల్లన కనుక మాకు ఈ ఇబ్బంది తక్కువ. మే నెలలో చెన్నైలో ఇదే పని చేసేవారు మాత్రం పగటి రోడ్డు మనిషి ఒంటికన్నా వేడిగా ఉంటుందని, అక్కడ మనిషి వెలుగుమచ్చగా కాక చీకటిమచ్చగా కనిపిస్తాడని, ఆ తిరకాసు సాయంత్రం ఏదో ఒక క్షణంలో తలకిందులవుతుందని గుర్తుంచుకోవాలి. ఇవి కాక, ఈ కెమెరా మధ్యమధ్య తన షట్టర్ మూసి తనను తాను సవరించుకుంటుంది. టక్కుమన్న చిన్న శబ్దం వినిపించిన ఆ కాసేపు వచ్చే ఫ్రేములన్నీ పాతవే.

ఈవెంట్ కెమెరాలో ఫ్రేములే ఉండవు. ప్రతి పిక్సెల్ విడివిడిగా తన మీద పడే వెలుగు మారినప్పుడే, ఏ స్థానంలో, ఏ మైక్రోసెకనులో, పెరిగిందా తగ్గిందా అన్న చిన్న కబురు పంపుతుంది. లిఖ్ట్‌స్టైనర్, పోష్, డెల్‌బ్రుక్ 2008లో ప్రచురించిన సెన్సార్‌లో ఉన్నవి 128×128 పిక్సెళ్లే అయినా, వెలుగునీడల పరిధి 120 డెసిబెళ్లు, అంటే పది లక్షలకు ఒకటి నిష్పత్తి. అందువల్ల హెడ్‌లైట్ దానిని గుడ్డిది చేయలేదు. అయితే స్థిరంగా బిగించిన ఈవెంట్ కెమెరా ముందు మనిషి ఆగి ఫోను చూసుకుంటూ నిలబడితే అతను దానికి లేనట్టే. పైగా మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే పాత ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలియని ఆ మినుకుమినుకును ఈ కెమెరా వదలకుండా నివేదిస్తుంది. ఊగే ఆకులనూ అంతే.

బిగించడం, కాలం కలపడం

మూడింటినీ ఒకే అల్యూమినియం పట్టీ మీద వీలైనంత దగ్గరగా బిగించి, పట్టీని పిట్టగోడకు కదలకుండా కట్టాలి. ఇక్కడ చేసిన అజాగ్రత్తను తరువాత ఏ ప్రోగ్రామూ సరిచేయదు.

ఆ తరువాత చేయవలసిన మొదటి పని కాలం కలపడం. చాలామంది ముందుగా స్థలం కలపడానికి కూర్చుంటారు, నేనూ అదే చేశాను. ఒకే బైకు రెండు బైకులుగా అర మీటరు ఎడంతో వెళ్తుంటే, తప్పు జత కలిపే పద్ధతిలో ఉందనుకుని మూడు రాత్రులు దాన్నే తిరగరాశాను. నిజానికి థర్మల్ ఫ్రేములు యూఎస్‌బీ బఫర్ అనే తాత్కాలిక నిల్వలో ఆగి 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తున్నాయి. సెకనుకు 10 మీటర్ల వేగానికి 50 మిల్లీసెకన్లంటే సరిగ్గా అర మీటరు.

ట్రిగ్గర్ స్వీకరించే కెమెరాలన్నిటికీ ఒకే సంకేతాన్ని ఇవ్వడం ఉత్తమం. ఈవెంట్ కెమెరాలలో చాలావాటికి ట్రిగ్గర్ ఇన్‌పుట్ ఉంటుంది. సాధారణ కెమెరా షట్టర్‌ను నడిపే సంకేతాన్నే దానికీ కలిపితే, ఆ క్షణాలు ఈవెంట్ల ప్రవాహంలోనే మైక్రోసెకన్ల ముద్రతో నమోదవుతాయి. చిన్న థర్మల్ కెమెరాలు సాధారణంగా తమ తీరిక ప్రకారమే పనిచేస్తాయి కనుక వాటి ఆలస్యాన్ని కొలిచి తీసివేయడమే మార్గం. టైమ్‌స్టాంపుల కోసం ఆగకుండా ముందుకే నడిచే మోనోటోనిక్ గడియారాన్ని వాడాలి. ఇంటర్నెట్ సమయంతో సరిదిద్దుకునే గడియారం నడిమధ్యలో వెనక్కి దూకే ప్రమాదం ఉంది.

ఆలస్యాన్ని కొలవడానికి లోలకం చాలు. చిన్న ప్లాస్టిక్ సీసాకు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, వేడినీళ్లు నింపి, మీటరు పొడవు దారంతో తెల్లని గోడ ముందు వేలాడదీసి ఊపాలి. చేతికందిన స్టీలు చెంబు పనికిరాదు: మెరిసే స్టీలు తన వేడిని వెదజల్లడం తక్కువ, చుట్టుపక్కల వేడిని ప్రతిబింబించడం ఎక్కువ, అందుకే మరిగే నీళ్లున్న చెంబు కూడా థర్మల్ కెమెరాకు చల్లగా కనిపించవచ్చు. మీటరు లోలకం సుమారు రెండు సెకన్లకు ఒకసారి ఊగుతుంది. అర నిమిషం రికార్డు చేసి, మూడు కెమెరాలలోనూ సీసా కేంద్రం ఎప్పుడు ఎక్కడుందో తీసి, మూడింటికీ ఒకే ఆవర్తనం గల సైన్ వక్రాన్ని సరిపోల్చితే, వాటి ఫేజ్‌ల మధ్య, అంటే ఊపులో ఒకటి మరొకదానికన్నా ఎంత వెనుకబడిందన్న తేడాయే ఆలస్యం. థర్మల్ ఫ్రేములు సెకనుకు తొమ్మిదే వచ్చినా ఈ విధంగా కొన్ని మిల్లీసెకన్ల కచ్చితత్వం దొరుకుతుంది, ఎందుకంటే మనం ఒక్కో ఫ్రేమును విడిగా నమ్మకుండా మొత్తం ఊపును కొలుస్తున్నాం. థర్మల్ సెన్సార్ పిక్సెల్ వేడెక్కి చల్లారడానికే సుమారు పది మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ జాప్యం కూడా ఈ కొలతలో తనంతట తానే కలిసిపోతుంది. కొలతను మూడు వేర్వేరు రోజులు చేసి చూడాలి. ఆలస్యం రోజురోజుకూ మారుతుంటే లోపం బఫర్‌లో ఉన్నట్టే, దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లకూడదు.

స్థలం కలపడం

ఒక్కో కెమెరా లెన్సు వంపును, ఫోకల్ పొడవును తెలుసుకోవడానికి ఝెంగ్యూ ఝాంగ్ 2000లో ప్రచురించిన చదరంగపు పలక పద్ధతే నేటికీ ఆధారం. చిత్రాల పనికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీవీలో అది సిద్ధంగా ఉంది. చిక్కేమిటంటే ఆ పలక మూడు కెమెరాలకూ ఒకేలా కనిపించదు. ఈవెంట్ కెమెరాకు ఆగి ఉన్న పలక అసలు కనబడదు కనుక దానికి ట్యాబ్ తెర మీద పలకను వెలిగించి ఆర్పుతూ చూపాలి. థర్మల్ కెమెరాకు నలుపూ తెలుపూ ఒకటే. అయితే ముద్రించిన పలకను మధ్యాహ్నపు ఎండలో డాబా మీద పది నిమిషాలు ఉంచితే నల్ల గళ్లు ఎక్కువ వేడెక్కుతాయి, అప్పుడు దానికీ గళ్లు కనబడతాయి. నీడలోకి తేగానే ఆ తేడా చెరిగిపోతుంది కనుక త్వరపడాలి. తీరిక ఉన్నవారు వరుసగా గుండ్రని రంధ్రాలు కోసిన పలక వెనుక వేడి గుడ్డ ఆనించి వాడితే ఫలితం ఇంకా బాగుంటుంది.

ఇక్కడ చాలామంది ఒక కెమెరా చిత్రాన్ని మరో కెమెరా చిత్రం మీద సరిగ్గా కూర్చోబెట్టాలని తాపత్రయపడతారు. చిత్రాలు అందంగా వస్తాయి, జాడ మాత్రం తప్పుతుంది. రెండు కెమెరాల మధ్య ఎడం 10 సెంటీమీటర్లు, ఫోకల్ పొడవు 1000 పిక్సెళ్లు అనుకుందాం. 20 మీటర్ల దూరంలో చిత్రాలు కలిసేలా అమరిస్తే, 5 మీటర్ల దూరంలో ఉన్న వస్తువు 15 పిక్సెళ్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. కెమెరాలు స్థిరంగా ఉండి వస్తువులు నేల మీద తిరుగుతున్నప్పుడు చిత్రాలను చిత్రాలతో కలపడం మాని, ప్రతి కెమెరాను నేలతో కలపాలన్నది నా అభిప్రాయం. వస్తువు పాదం లేక చక్రం నేలను తాకే బిందువును మీటర్లలోకి మార్చుకుంటే మూడు కెమెరాలూ ఒకే భాష మాట్లాడతాయి.

దీనికి నేల మీద కొలిచిన బిందువులు కావాలి. నాలుగుతో గణితం తీరుతుంది కానీ పదో పన్నెండో ఉంటేనే తప్పులు బయటపడతాయి. ముగ్గుతో గుర్తులు పెడితే సాధారణ కెమెరాకు చక్కగా కనిపిస్తాయి, థర్మల్ కెమెరాకు అంతంతమాత్రమే. నేను తెల్లవారుజామున మా వాచ్‌మన్ అన్నతో కలిసి ఒక ఉపాయం చేశాను: టేపుతో కొలిచిన ప్రతి బిందువు దగ్గర చిన్న ముగ్గు చుక్క పెట్టి, దాని మీదనే కళ్లాపి చల్లినట్టు కాసిని నీళ్లు పోశాం. తడి ఆవిరవుతుంటే ఆ చోటు చల్లబడి థర్మల్ చిత్రంలో నల్లని మచ్చగా తేలుతుంది. ఈవెంట్ కెమెరా కోసం అదే బిందువు మీద టార్చిలైటు వెలిగించి ఆర్పాం. వీధిలో పాలవాడు ఆగి, పండుగ ఏమిటని అడిగాడు.

అనిశ్చితిని కూడా మీటర్లలోకి మార్చుకోవాలి. డాబా ఎత్తు 9 మీటర్లు, వస్తువు నేల మీద 20 మీటర్ల దూరంలో ఉంటే వాలుగా దూరం సుమారు 22 మీటర్లు. 160 పిక్సెళ్ల వెడల్పు, 57 డిగ్రీల దృష్టికోణం గల చిన్న థర్మల్ కెమెరాకు అక్కడ ఒక్క పిక్సెల్ అడ్డంగా 15 సెంటీమీటర్లు. చూపు సాగే దిశలో, నేల ఏటవాలుగా కనబడుతుంది కనుక, అదే పిక్సెల్ 36 సెంటీమీటర్లు. ఫోకల్ పొడవు 1000 పిక్సెళ్లున్న సాధారణ కెమెరాకు ఈ సంఖ్యలు రెండు, ఐదు సెంటీమీటర్లు. అంటే ప్రతి కెమెరా కొలత చుట్టూ ఉండే తప్పు వలయం గుండ్రంగా ఉండదు. దూరం వైపు సాగిన కోడిగుడ్డులా ఉంటుంది. ఫిల్టర్‌కు ఆ గుడ్డునే ఇవ్వాలి. అన్నిటికీ ఒకే సంఖ్య ఇచ్చేస్తే థర్మల్ కొలత వచ్చిన ప్రతిసారీ జాడ ఉలిక్కిపడుతుంది.

గుర్తించడం

సాధారణ కెమెరాకు చిత్రంలో మనుషులను, బండ్లను గుర్తించేలా ముందే శిక్షణ పొందిన ఏదైనా ప్రోగ్రాము, అంటే డిటెక్టర్, సరిపోతుంది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. థర్మల్ కెమెరాలో మనిషి పది పిక్సెళ్ల ఎత్తుకు మించడు కనుక డిటెక్టర్ కన్నా నేపథ్యాన్ని తీసివేసే పాత పద్ధతే నయం. అయితే కెమెరా తనంతట తాను వెలుగు సర్దే సౌకర్యాన్ని ఆపి, 14 బిట్ల ముడి సంఖ్యలనే తీసుకోవాలి. లేకపోతే ఒక ఆటో వేడి సైలెన్సర్‌తో దృశ్యంలోకి రాగానే మిగతా వీధి అంతా ఒక్కసారి నల్లబడి, ప్రతి పిక్సెల్ కదిలినట్టు లెక్కకు వస్తుంది. ఈవెంట్ కెమెరాలో పది మిల్లీసెకన్ల ఈవెంట్లను పోగుచేసి, దగ్గరదగ్గరగా ఉన్నవాటిని గుంపులుగా కట్టాలి. వంద హెర్ట్జ్ వద్ద మినుకుమనే పిక్సెళ్లను, చెట్ల కొమ్మలున్న ప్రాంతాన్ని ముందే తొలగించుకోవాలి. వాన ఎక్కువైతే ఈవెంట్ కెమెరాను ఆపేయడమే మేలు.

ఒకటిగా కలపడం

కలపడానికి రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ఇచ్చిన ఫిల్టర్ చాలు. ప్రతి వస్తువుకూ నేల మీది స్థానం రెండు సంఖ్యలు, వేగం రెండు సంఖ్యలు, వెరసి నాలుగు. కొలత ఏ కెమెరా నుంచి వచ్చినా, అది పుట్టిన క్షణం దాకా జాడను ముందుకు జరిపి, ఆ కెమెరా తప్పు వలయంతో సరిదిద్దాలి. థర్మల్ కొలత ఆలస్యంగా వస్తుంది కనుక గత 200 మిల్లీసెకన్ల స్థితులను దాచుకుని, పాత కొలత రాగానే అక్కడికి వెనక్కి వెళ్లి తిరిగి ముందుకు లెక్కించుకోవాలి. వచ్చిన క్రమంలో కాక పుట్టిన క్రమంలో కొలతలను వాడడం ఇందులో ముఖ్యం.

ఏ కొలత ఏ జాడదో తేల్చడానికి మామూలు దూరం పనికిరాదు. అనిశ్చితితో భాగించిన దూరం కావాలి. దానిని 1936లో ప్రతిపాదించినవారు గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్. నేల మీది స్థానానికి రెండు సంఖ్యలే కనుక, నిజమైన జతకు దాని వర్గం 9.21 దాటే అవకాశం నూటికి ఒకటే, దాటిన జతను వదిలేయవచ్చు. మిగిలిన వాటిని, మొత్తం దూరం అతి తక్కువయ్యేలా జతలు ఎంచే హంగేరియన్ పద్ధతితో జతపరచాలి. మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకుని వెళ్లిన మన సి.ఆర్.రావు గారు 1945లో, కొలతల్లో ఉన్న సమాచారం ఎంతో అంతకు మించిన కచ్చితత్వం వాటినుంచి రాదని ఒక హద్దుగా నిరూపించారు. థర్మల్ కెమెరా జాడను సెంటీమీటర్లలోకి తెస్తామనే ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ హద్దు గుర్తొస్తుంది.

ఇక మొదట రాసి పెట్టుకున్న మౌనాల సంగతి. వస్తువు ఇంకా ఉందా, వెళ్లిపోయిందా అన్నది నిర్ణయించడానికి చాలా ప్రోగ్రాములు వరుసగా ఇన్ని ఫ్రేములలో కనబడకపోతే చెరిపేయి అనే నియమం పెడతాయి. ఒకే కెమెరాకు అది నడుస్తుంది, మూడు రకాల కెమెరాలకు నడవదు. దాని బదులు ప్రతి జాడకూ ఉనికి సంభావ్యత ఒకటి ఉంచి, ప్రతి కెమెరాకూ ఆ చోట, ఆ స్థితిలో వస్తువును చూడగల సంభావ్యత ఎంతో ముందే చెప్పాలి. ఉదాహరణకు ఉనికి 0.9 అని నమ్ముతున్న మనిషిని, 0.9 సంభావ్యతతో చూడవలసిన కెమెరా చూడలేదనుకోండి. అతను ఉండి కూడా కనబడకపోవడం 0.9లో పదో వంతు, అంటే 0.09, అసలు లేకపోవడం 0.1. కనుక ఉనికి 0.09ని 0.19తో భాగిస్తే వచ్చే 0.47కు పడిపోతుంది. అదే ఆగిన మనిషి విషయంలో ఈవెంట్ కెమెరా చూడగల సంభావ్యత 0.1 మాత్రమే అని రాసుకుంటే, దాని మౌనం తరువాత కూడా ఉనికి 0.89 దగ్గరే నిలుస్తుంది.

ఈ సంభావ్యతలను నేను మూడు చిన్న పట్టికలుగా పెట్టాను. సాధారణ కెమెరాకు వీధిని మీటరు గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో రాత్రి వెలుతురును బట్టి. థర్మల్‌కు నేపథ్యపు వేడిని బట్టి, షట్టర్ మూసిన కాసేపు సున్నా. ఈవెంట్ కెమెరాకు జాడ వేగాన్ని బట్టి, సెకనుకు 30 సెంటీమీటర్ల లోపు అయితే దాదాపు సున్నా. కొత్త జాడను పుట్టించే అధికారం సాధారణ, థర్మల్ కెమెరాలకే ఇచ్చాను. ఈవెంట్ కెమెరా ఉన్న జాడను సరిదిద్దగలదు కానీ కొత్తది పుట్టించలేదు, లేకుంటే ప్రతి ఊగే కొమ్మా ఒక పాదచారి అవుతుంది.

పరీక్ష

ముగ్గుతో రోడ్డు మీద గీత గీసి, మా పిన్నిగారబ్బాయిని దాని మీద నడవమన్నాను: ఒకసారి తిన్నగా, ఒకసారి మధ్యలో రెండు నిమిషాలు ఆగి, ఒకసారి గొడుగుతో. ఒకే క్షణానికి మూడు కెమెరాల కొలతలు గీత వెంట ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో, గీతకు ఎంత దూరం తొలగాయో చూస్తే స్థలం, కాలం సంగతి తెలుస్తుంది. ఆ ఎడం వేగంతో పాటు పెరుగుతుంటే కాలం తప్పింది. వేగంతో సంబంధం లేకుండా ఒకేలా ఉంటే స్థలం తప్పింది. ఆపైన పది నిమిషాల రాత్రి రికార్డింగు తీసుకుని, ఒక మనిషి సంఖ్య ఎన్నిసార్లు మారిందో చేత్తో లెక్కపెట్టాలి. అదే రికార్డింగును ఒక్కో కెమెరాను తీసేసి మళ్లీ నడపాలి. ఏదైనా ఒకటి తీసేస్తే ఫలితం మెరుగైతే, ఆ కెమెరా తప్పు వలయాన్ని చిన్నదిగా రాశామనో, దాని మౌనానికి ఎక్కువ విలువ ఇచ్చామనో అర్థం.

వీధి మనది కాదు, అందులో నడిచేవారు మన అనుమతి అడిగి రావడం లేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అందువల్ల ముందుగా సంఘం లిఖితపూర్వక అనుమతి తీసుకుని, గేటు దగ్గర నోటీసు పెట్టి, ఎదురిళ్ల కిటికీలు, గుమ్మాలు పడే భాగాన్ని మూడు కెమెరాలలోనూ నల్లగా కప్పేశాను. చిత్రాలు కంప్యూటర్ జ్ఞాపకంలో కొద్ది సెకన్లే ఉంటాయి, డిస్కు మీద మిగిలేవి నేల మీది జాడల గీతలు మాత్రమే. పరీక్షకు తీసిన పది నిమిషాల రికార్డింగును లెక్క పూర్తవగానే చెరిపేశాను. సంఘం సమావేశానికి పట్టుకెళ్లింది ఒక్క కాగితం: వీధి పటం, దాని మీద పాదచారుల దారులు. గీతలు అన్నిటికన్నా దట్టంగా ఉన్నది రెండు దీపాల నడుమ, కానుగ నీడలో, పాలబూత్ ఎదురుగా.